బరువు దిగాక

మనిషిని పైకెత్తినప్పుడు అందరం మీటరు చూసేవాళ్లం. ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఫైట్లకు తాళ్లు కట్టే పెద్దాయన మాత్రం మనిషిని దించాక చూసేవాడు. క్రేన్ కొక్కేనికీ తాడుకూ మధ్య జానెడు ఉక్కు ముక్క ఉండేది. బరువుకు ఆ ఉక్కు వెంట్రుకవాసి సాగినా, దాని మీద అతికించిన సన్నని తీగ కూడా సాగేది. ఆ సాగుడే మీటరులో కిలోలుగా కనిపించేది. బరువు తీశాక అంకె సున్నాకు రావాలి. రాలేదంటే ఉక్కు తన పాత పొడవుకు రాలేదన్నమాట.

ఒకరోజు రిహార్సల్లో డూపు అమ్మాయిని దించాక మీటరు మూడు దగ్గర ఆగింది. ఆయన తాడు విప్పేశాడు.

"మూడు కిలోలకే భయమా తాతా? ఆ పిల్ల తిన్న ఇడ్లీలే అంతుంటాయి!" అన్నాడు మేనేజరు.

"పిల్ల దిగింది గద సార్. మరి మూడు కిలోలు యాడికెళ్లొచ్చినయ్? నేనైతే ఎక్కియ్య."

షూటింగ్ ఆగిపోయింది. మీటరు పాడైతే ముసలాయన బెదిరిపోయాడని అందరూ నవ్వారు. ఆయన్ను మళ్లీ పిలవలేదు.

నేనప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్ని. వారం తర్వాత ఆ ముక్కను బాగుచేయించడానికి తీసుకెళ్లింది నేనే. మెకానిక్ భూతద్దం పెట్టి చూపించాడు. ఉక్కులో సన్నటి పగులు. పెద్దాయనకు చెప్పాలనుకున్నాను. ఇంతలో ఇంకో సినిమా మొదలైంది. చెప్పలేదు.

రెండేళ్లకు ఆయన పోయాడని తెలిసి, షేక్‌పేటలో ఇంటికి వెళ్లి ఆయన భార్యకు ఆ పగులు సంగతి చెప్పాను.

"మీటరే ఖరాబుండెనేమో, ఉత్తగనే షూటింగ్ ఆపిన్నేమో అనేటోడు. వేరేటోళ్లు పిలిచినా, ఆ దినం సంది ఎవ్వరికీ తాడు కట్టలే సార్."