అక్క దిగిన కుర్చీ

ఓదెలుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. గల్లీకి అడ్డంగా బండి ఆపి ఎవడైనా చాయ్‌కి పోయాడంటే, ఆ బండిని ఎత్తి పక్కన పెట్టి, వాడు వచ్చేదాకా అక్కడే కాపు కాసి, వాణ్ణి మాటలతో కడిగేసి గానీ కదలడు. కూరగాయల బండి దగ్గర వెనక నుంచి చేయి చాపి ముందు బేరమాడే వాళ్ళకీ అదే మర్యాద. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చైర్లు తోయడం. రోజంతా మనుషుల తీరు చూస్తూ నోరు మూసుకోవాలి.

తోయడంలో కష్టమేమీ లేదు. తండ్రి కాలంలో వాళ్ళకు కార్వాన్‌లో బర్రెలుండేవి, పాలక్యాన్లు మోసి గట్టిపడిన చేతులవి. కష్టమంతా నోటితోనే. కౌంటర్ దగ్గర కుర్చీలో ముక్కుతూ మూలుగుతూ కూర్చునే పెద్దమనిషి, సెక్యూరిటీలో వరస తప్పించుకుంటాడు, అందరికన్నా ముందు విమానం ఎక్కుతాడు, నెత్తిమీది సామాన్ల అరంతా తన పెట్టెలతో నింపేస్తాడు. అలాంటి మనిషే వేరే ఊళ్ళో ఎక్కి ఇక్కడ దిగేటప్పుడు, విమానం ఇంకా ఆగకముందే లేచి నిలబడతాడు. పక్కవాళ్ళ భుజాల మీదుగా సూట్‌కేసు గుంజుకుని, ముందు వరసల వాళ్ళను తోసుకుంటూ తలుపు దాకా వస్తాడు. తలుపు దగ్గర కుర్చీతో నిలబడ్డ ఓదెలును చూసి, "నక్కో భాయ్, మై చల్ లేతూఁ" అని, కుర్చీ వద్దు నేనే నడుస్తానన్నట్టు చేయి ఊపి పరుగు అందుకుంటాడు. నిజంగా కాళ్ళు రాని మనుషులు మాత్రం విమానం మొత్తం ఖాళీ అయ్యేదాకా సీట్లలోనే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు.

అది చూసినప్పుడల్లా ఓదెలుకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చి భార్య ఆండాలు ముందు కక్కేవాడు. "కాళ్లు మంచిగనే ఉన్నయ్ నాకొడుకులకు, సిగ్గే లేదు" అనేవాడు. ఆమె సగం వినేది, సగం టీవీ చూసేది.

పరాయివాళ్ళ సంగతి అలా ఉంటే, సొంత గల్లీ ఇంకో ఎత్తు. ఆ గల్లీలో ఒక మనిషికి ఎక్కడ ఉద్యోగమొస్తే అక్కడ గల్లీ మొత్తానికి హక్కు వచ్చినట్టే. దవాఖానాలో మనోడుంటే చీటీ ముందు దొరకాలి, కరెంటాఫీసులో ఉంటే తీగ ముందు వేయాలి. ఎయిర్‌పోర్ట్‌లో ఓదెలు ఉన్నాడు కాబట్టి, విమానమెక్కే ప్రతి మనిషికీ కుర్చీ రావాలి. రాకపోతే అదొక చిన్నతనం. గుర్రమెక్కిన పెళ్ళికొడుకులా కుర్చీలో కూర్చుని ఫోటో దిగి, ఫోన్లో స్టేటస్ పెట్టుకుంటే గానీ ప్రయాణం పూర్తయినట్టు కాదు. లోకాన్నంతా కడిగేసే ఓదెలు గల్లీవాళ్ళను మాత్రం ఒక్క మాట అనలేకపోయాడు. అంటే, "ఓదెలు పెద్దోడైపోయిండు" అంటారు. ఆ ఒక్క మాటకు జంకాడు.

అక్క సక్కుబాయి కాశీకి బయల్దేరిన రోజున ఆ జంకు అతని పీకల మీదికే వచ్చింది.

సక్కుబాయి అంటే ఓదెలుకు అక్క మాత్రమే కాదు. తల్లి పోయేనాటికి అతను చంకలో పిల్లవాడు. అప్పటి నుంచి తినిపించింది, తిట్టింది, ఎత్తుకుని దవాఖానాకు పరుగెత్తింది అక్కే. పెళ్ళయ్యాక కూడా పక్క గల్లీలోనే ఉండి, తమ్ముడికి కూర గిన్నె పంపించాకే తాను తినేది. ఇప్పటికీ రెండు బర్రెలున్నాయి ఆమెకు. అరవై దాటినా గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచిందంటే ఆటోవాళ్ళే పక్కకు తప్పుకోవాలి.

ఆమె కొడుకు గోవర్ధన్ గల్లీ ఆడవాళ్ళను కొందరిని కూడగట్టి, వాళ్ళతో పాటు తనకూ కాశీకి టికెట్లు తీశాడు. ఆడవాళ్ళందరికీ వీల్‌చైర్ కావాలని రాయించాడు. "మా మామ ఉన్నడు, ఫికర్ జేయకున్రి" అని ధైర్యం కూడా చెప్పాడు.

మధ్యాహ్నం ఓదెలు ఒక ప్రయాణికుడిని గేటు దగ్గర కుర్చీలోనే వదిలి, వట్టి చేతులతో వస్తుంటే ఎదురుగా కుర్చీల ఊరేగింపు. తోటి పనివాళ్ళు చెమటలు కక్కుతూ తోస్తున్నారు. కుర్చీల్లో గల్లీ అమ్మలక్కలు ఇకిలిస్తూ ఫోటోలు దిగుతున్నారు. "ఓదెలన్నా, మస్తుందే!" అని ఒకామె చేయి ఊపింది. అతను పళ్ళు బిగించుకుని కౌంటర్ దగ్గరికి నడిచాడు.

అక్కడ ఇనుప బెంచీ మీద ఒక ముసలమ్మ పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. పేరు నాగమణమ్మ. ఒక తుంటి బెంచీకి తగలకుండా రెండు చేతులతో ఒంటిని ఎత్తిపట్టుకుంది. పక్కన ఆమె మనవరాలు స్రవ్య, కళ్ళల్లో నీళ్ళు.

"అన్నా, టికెట్ల ముందే రాసినం. అమ్మమ్మకు తుంటి ఇరిగి రాడ్ ఏసిన్రు. చేర్లన్ని అయిపోయినయంటున్నరు. కాశీ ఫ్లైట్‌కు ఎక్కించుకునుడు షురూ అయిందట. ఎట్లన్నా?"

చేర్లన్నీ ఎక్కడికి పోయాయో ఓదెలుకు ఒకరు చెప్పాలా? అటూ ఇటూ చూశాడు. ఒక్క కుర్చీ ఉంది. అందులో, పట్టుచీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని, ఒళ్ళో సంచితో అక్క కూర్చుని ఉంది. తోయడానికి వేరే పనివాడు వచ్చాడట. "నువ్ పో నాయనా, మా తమ్ముడొస్తడు" అని అతణ్ణి పంపించేసిందట.

తమ్ముణ్ణి చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. ఓదెలు ఆ వెలుగును చూసి కూడా ఆగలేదు.

"అక్కా, లే."

"ఏంది?"

"లే అంటున్న. గా ముసలామెకు గావాలె చేర్."

పక్కనే ఉన్న గోవర్ధన్ అడ్డం వచ్చాడు. "గదేంది మామా? టికెట్ల రాయించినం. మన హక్కది."

"హక్కారా? పొద్దుగాల గడ్డిమోపు మోసిన మనిషికి కాళ్లు రావని రాయిస్తవా? గామె నేల మీద దేక్కుంట పోవాల్నా? కండ్లు నెత్తికెక్కినయారా నీకు?"

"అందరు రాయిస్తున్నరు మామా, మనమొక్కలమేనా?"

"అందరు రాయిస్తున్నరనే కదరా ఆమె గాడ ఏడ్సుకుంట కూసున్నది!"

ఆ అరుపుకు చుట్టుపక్కల జనమంతా తిరిగి చూశారు. సక్కుబాయి తల ఎత్తలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది. ఇంతమందిలో అక్కను లేపి నిలబెట్టినందుకు ఓదెలుకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు కూడా కోపంగానే బయటికొచ్చింది. అక్క మీద కోపం, మేనల్లుడి మీద కోపం, మొదటిసారి గల్లీవాడు కుర్చీ అడిగినప్పుడు లేదని చెప్పలేని తన నోటి మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం.

నాగమణమ్మను స్రవ్య, ఓదెలు పట్టి కూర్చోబెట్టారు. ఓదెలు కుర్చీని పరుగులాంటి నడకతో తోశాడు. ముందు సక్కుబాయి నడుస్తోంది. వెనక్కి తిరగలేదు, ఎక్కడా ఆగలేదు. ఆ నడక చూసి నాగమణమ్మ అంది:

"నాకోసం లేచింది బిడ్డా ఆమె. ఎవరో గని, సల్లగుండాలె."

"మా అక్కనే అమ్మా" అన్నాడు ఓదెలు. ఆ తర్వాత ముసలమ్మ ఏమందో అతనికి వినబడలేదు.

గేటు దగ్గర ఎప్పటి భాగోతమే. పిలవని వరసల వాళ్ళంతా పిలిచినవాళ్ళకు అడ్డంగా పెట్టెలు పెట్టుకుని నిలబడ్డారు. "జర జగా ఇయ్యున్రి! మనుషులా, గోడలా?" అని ఓదెలు గద్దిస్తే అప్పుడు కదిలారు. ఒకడు గొణిగాడు. ఓదెలు వాడి వైపు చూసిన చూపుకు గొణుగుడు ఆగిపోయింది. విమానం తలుపు దగ్గర సిబ్బంది నాగమణమ్మను జాగ్రత్తగా లోపలికి తీసుకుపోయారు. స్రవ్య రెండు చేతులూ జోడించింది.

వరసలో సక్కుబాయి వంతు వచ్చింది. ఓదెలు ఆమె సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. తలుపు దాటి లోపలికి అడుగు పెట్టింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. వెనకున్నవాళ్ళు "చలో చలో" అని తొందరపెడుతున్నా లెక్కచేయలేదు.

"వాపస్ వచ్చేటప్పుడు గూడ గోవర్ధన్ నాకు చేర్ రాయించిండట. తీసేపియ్యి."

"తీసేపిస్త అక్కా."

"నువ్వు తోల్తవనే కూసున్న నేను. కాశీల తోలేటోడు నా తమ్ముడా ఏంది?"

అంతే అంది. లోపలికి వెళ్ళిపోయింది. ఆమె వెనక జనం ఒకరినొకరు నెట్టుకుంటూ లోపలికి జొరబడ్డారు, కాసేపటికి తలుపు మూశారు.

ఓదెలు కుర్చీని వెనక్కి తిప్పాడు. చంకలో వేసుకుని తనను గల్లీలన్నీ తిప్పిన మనిషి, తమ్ముడి చేత ఒక్కసారి తోయించుకోవాలని పూలు పెట్టుకుని మరీ వచ్చింది. గల్లీవాళ్ళను ఎంతమందినో తోశాడు, ముక్కూ మొహం తెలియని దొంగ రోగులను ఎంతమందినో తోశాడు. ఒక్క అక్కనే తోయలేదు. చేసింది తప్పని అతనికి అనిపించలేదు. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ లేపుతాడు. అందుకే గుండె రెండింతలు మండింది.

ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనక్కి వస్తుంటే, బలంగా ఉన్న ఒక మనిషి పెద్ద పెట్టె లాక్కుంటూ ఎదురొచ్చాడు. కుర్చీని చూడగానే, నొప్పి పుట్టినట్టు నడుం మీద చేయి వేసుకున్నాడు.

"ఖాళీ హై క్యా భాయ్?"

"ఖాళీ లేదు!" అని ఓదెలు గొంతు చించుకుని అరిచాడు.

ఆ మనిషి ఖాళీ సీటును చూశాడు, ఓదెలు మొహం చూశాడు. నడుం మీది చేయి తీసేసి, పెట్టె లాక్కుంటూ చక్కగా నడిచి వెళ్ళిపోయాడు.