మేట వెయ్యని ఇసుక

పెళ్ళి మాటలప్పుడు అబ్బాయి పైలట్ అని వినగానే అత్తవారి వైపు వాళ్ళంతా విమానాలు నడుపుతాడని సంబరపడిపోయారట. తీరా సంగతి తెలిశాక మామగారు, "అయితే గాల్లో కాదన్నమాట, నీళ్ళలోనా" అని ఓ నిట్టూర్పు విడిచి ఊరుకున్నారట. భార్య ఆ మాట చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది.

అతను రేవులో పైలట్. బయటి నుంచి వచ్చే ఓడ ఎంత పెద్దదైనా, దాని కెప్టెన్ ఎన్ని సముద్రాలు చూసినవాడైనా, రేవు ముందుకొచ్చి ఆగాల్సిందే. అతను చిన్న పడవలో ఎదురెళ్ళి, ఊగులాడే తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడ మీదికి ఎక్కుతాడు. కెప్టెన్ పక్కన నిలబడి, ఎటు తిప్పాలో ఎక్కడ నెమ్మదించాలో చెబుతూ, నీళ్ళ కింద ఉన్న దారిలోంచి లోపలికి తీసుకొస్తాడు. ఆ కాసేపూ ఓడంతా అతని నోటిమాట మీద నడుస్తుంది. యాభై దాటిన దగ్గర్నుంచి మోకాళ్ళు సతాయిస్తున్నాయి. నిచ్చెన కింద నిలబడి పైకి చూసినప్పుడల్లా, ఈసారికి ఎక్కేస్తే చాలు అనుకుంటాడు. కొత్తవాళ్ళెవరూ ఈ పనికి రావడం లేదు కాబట్టి ఆ ఈసారి ఎప్పటికీ అయిపోదు.

ఆ రేవులో ఏ వస్తువు చూసినా ఎవరో ఒకరు ఇచ్చిందే. ఉత్తరం వైపు కొత్త జెట్టీ, దాని మీది క్రేన్లు సరిహద్దుకు ఆనుకుని ఉన్న పెద్ద దేశం కట్టించింది. రాడార్ గోపురం, ఓడల్ని నెట్టే టగ్గు పడవలు సముద్రానికి అవతల ఉన్న మరో పెద్ద దేశం ఇచ్చింది. రేవు జనం పేర్లతో పని పెట్టుకోకుండా ఒకరిని పక్కింటాయన అనీ, ఇంకొకరిని దూరపు చుట్టం అనీ పిలుచుకునేవాళ్ళు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. పక్కింటాయన క్రేన్లలో ఉన్న కంప్యూటర్లు రేవు గుట్టంతా అక్కడికి చేరవేస్తున్నాయని దూరపు చుట్టం పట్టుబడితే, వాటిని పీకించి వేరేవి పెట్టించారు. కొత్త కంప్యూటర్లు ఆ క్రేన్లతో మాట్లాడవు. క్రేన్ నడిపేవాళ్ళు నేర్చుకున్నదంతా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. పైలట్ బావమరిది వాళ్ళలో ఒకడు. ఇంటికొచ్చి, "ఒకాయన కుడిచేత్తో తినమన్నాడు, ఇంకొకాయన ఎడమచేత్తో తినమన్నాడు. కంచం మాత్రం ఎవరూ పెట్టలేదు బావా" అని నవ్వించేవాడు.

ఆ ఏడు తుఫాను వెలిసిన కొద్ది రోజులకు, దూరపు చుట్టం తన యుద్ధనౌక ఒకటి ఈ రేవుకొచ్చి నాలుగు రోజులు ఉంటుందని కబురు పెట్టింది. మంచినీళ్ళు, సరుకులు, చిన్నపాటి మరమ్మతులు, అంతే అంది. ఆ కబురు బయటికి పొక్కక ముందే పక్కింటాయన మనిషి రాజధానిలో మంత్రిగారి ఇంటికొచ్చి, పెద్దగా ఏమీ అనకుండా కూర్చుని వెళ్ళాడట.

మర్నాడు విదేశాంగ శాఖ కార్యదర్శి రేవుకొచ్చాడు. సన్నగా, కళ్ళ కింద నల్లటి చారలతో ఉన్నాడు. కార్యాలయంలో ఎవరినీ కలవకుండా నేరుగా పైలట్ల గదిలోకొచ్చి, తడి తువ్వాలు ఆరేసి ఉన్న కుర్చీని పక్కకు జరిపి, స్టూలు మీద కూర్చున్నాడు. టీ తెప్పించారు. అతను అది చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు.

"కెప్టెన్ గారూ, మొన్నటి తుఫానుకు మన దారిలో ఇసుక మేట వేసిందా?" అన్నాడు చివరికి. రేవు పైలట్లనూ కెప్టెన్ అనే పిలుస్తారు.

"అంచుల్లో కొంచెం వేసింది సార్. మధ్యలో లేదు. ఎంత పెద్ద ఓడైనా వస్తుంది."

"మధ్యలో కూడా వేసిందనుకుందాం."

కార్యదర్శి గొంతు తగ్గించి, ఎవరికో కాక తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. "రమ్మంటే పక్కింటాయన మన చేపలు కొనడం మానేస్తాడు. రావద్దంటే దూరపు చుట్టం మన బట్టల మీద పన్ను వేస్తుంది. రెంటిలో ఏదొచ్చినా మనం తట్టుకోలేం. అందుకని రావద్దనేది మనం కాదు. ఇసుక."

"ఆ మాట నేను చెప్పాలా సార్?"

"మీరు చెబితే అది నీళ్ళ సంగతి. నేను చెబితే రాజకీయం."

కాదనడానికి పైలట్ దగ్గర కారణాలు లేకపోలేదు. కానీ ఎదుటివాడు కోపంగానో దర్పంగానో అడిగి ఉంటే ఆ కారణాలు నోటికొచ్చేవి. ఇతను నిద్రలేని మనిషిలా అడిగాడు. పైగా భార్య పని చేసేది బట్టలు కుట్టే ఫ్యాక్టరీలోనే. వీధి చివరి ఇళ్ళన్నీ చేపల పడవల వాళ్ళవి. ఒక్క అబద్ధంతో రెండిళ్ళలోనూ పొయ్యి వెలుగుతుందంటే కాదనడం ఎలా అనుకున్నాడు. సరేనన్నాడు.

దూరపు చుట్టం తరఫున వచ్చిన నౌకాదళ అధికారి చాలా మర్యాదస్తుడు. పైలట్ చెప్పిందంతా విని, మ్యాపు మీద వేలుపెట్టి, ఇక్కడేనా అని అడిగాడు. అవునన్నాడు పైలట్. ఇంత కాలంలో దారి గురించి అబద్ధం చెప్పడం అదే మొదలు. అధికారి తలూపి, కరచాలనం చేసి వెళ్ళిపోయాడు. యుద్ధనౌక ఇంకో దేశపు రేవుకు మళ్ళింది. రాజధానిలో ఊపిరి పీల్చుకున్నారు. కార్యదర్శి ఫోన్ చేసి, ఈ మేలు మర్చిపోనన్నాడు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. యుద్ధనౌకకు అడ్డమైన ఇసుక సరుకు ఓడలకు అడ్డం కాకపోతే చూసేవాళ్ళు నవ్వరూ? కాబట్టి పెద్ద ఓడలు నీళ్ళలోకి తక్కువ దిగేలా సగం సరుకుతోనే రావాలని ఉత్తర్వు వచ్చింది. సగం సరుకుతో వస్తే ఓడవాళ్ళకు గిట్టదు. ఒకరి తర్వాత ఒకరు దక్షిణాన ఉన్న వేరే రేవుకు తరలిపోసాగారు. వచ్చే కాసిని ఓడలకే పైలట్ ఎదురెళ్ళేవాడు. ప్రతి ఓడలోనూ కింద ఎంత నీరుందో చూపించే యంత్రం కెప్టెన్ కళ్ళెదుటే ఉంటుంది. దాన్ని చూసీ చూడనట్టు నిలబడి, ఇటు ఇసుక, అటు ఇసుక అని చెప్పడం అతనికి నిచ్చెన ఎక్కడం కన్నా కష్టమైంది. బాగా పరిచయమున్న ముసలి కెప్టెన్ ఒకాయన యంత్రం వైపు చూసి, పైలట్ వైపు చూసి, "మీ ఇసుకకు మర్యాద ఎక్కువ. మేం వస్తుంటే లేచి పక్కకు తప్పుకుంటోంది" అన్నాడు. మరో నెలకు ఆయన ఓడ కూడా రావడం మానేసింది.

క్రేన్లు ఖాళీగా నిలబడ్డాయి. బావమరిదికి వారంలో సగం రోజులే పని ఉండేది, తర్వాత అదీ పోయింది. సెలవు రోజున ఎప్పట్లాగే భోజనానికొచ్చాడు. జోకులు లేవు. అక్క వడ్డిస్తుంటే చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాక బావ పక్కన కూర్చున్నాడు.

"బావా, నిజం చెప్పు. ఇసుక నిజంగా మేట వేసిందా? కొన్నాళ్ళకు పోయేదైతే ఆగుతాను. కాకపోతే దక్షిణం రేవులో చేరమంటున్నారు. ఇల్లూ వాకిలీ ఎత్తుకుని పోవాలి."

పైలట్ గోడ వైపు చూశాడు. వేసిందన్నాడు. ఎప్పటికి పోతుందో చెప్పలేనన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య అతని మొహం చూసింది. ముప్పై ఏళ్ళ కాపురం, ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. తమ్ముడు వెళ్ళేదాకా ఆగి, "వాడితో కూడానా?" అని మాత్రం అంది. బావమరిది ఆ నెలాఖరుకు పెళ్ళాంబిడ్డలతో దక్షిణానికి వెళ్ళిపోయాడు.

అంతటితో పోయినా బాగుండేది. పక్కింటాయన పెద్ద మనసు చేసుకుని, ఇసుక తోడే ఓడలు మూడు పంపిస్తాను, ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు, స్నేహం కోసం అన్నాడు. వారం తిరక్కముందే దూరపు చుట్టం, సముద్రపు అడుగు కొలిచే ఓడను మేమే పంపిస్తాం, అదీ ఉచితమే అంది. ఎవరొచ్చినా అడుగున ఏముందో చూస్తారు. ఇసుక లేదని తెలుస్తుంది. పైగా ఒకరిని రానిస్తే రెండోవారికి ఏం చెప్పాలి?

కార్యదర్శి మళ్ళీ రేవుకొచ్చాడు. ఈసారి టీ వేడిగా ఉండగానే తాగేశాడు. కాసేపు ఇద్దరూ కిటికీలోంచి ఖాళీ జెట్టీని చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి కార్యదర్శికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. పైలట్‌కూ వచ్చింది. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. 

"మన రేవులో ఇసుక తోడే ఓడ ఏదో ఉండేది కదా?" అన్నాడు కార్యదర్శి కళ్ళు తుడుచుకుంటూ.

ఉంది. తుప్పుపట్టి ఓ మూల పడి ఉంది. దాన్నే కదిలించారు. మా ఇసుక మేమే తీసుకుంటాం, మీ ఇద్దరికీ వేల నమస్కారాలు అని రెండు దేశాలకూ జవాబు రాశారు. ఆ ముసలి ఓడ వారాల తరబడి పొగ కక్కుతూ, లేని ఇసుకను తోడింది. అడుగునున్న బురదను ఇటు నుంచి తీసి అటు పోసింది. పైలట్ దాని మీద నిలబడి ఆ పని చేయించాడు. ఓడ మీది కూలీలు తమలో తాము ఏదో అనుకుని నవ్వుకునేవారు. అతను తమ వైపు తిరగగానే పనిలో పడేవారు. అది అతనికి మరీ బాధ అనిపించింది.

దారి బాగుపడిందని ప్రకటించిన మర్నాడే పక్కింటాయన, పరిశోధన ఓడ ఒకటి పంపిస్తానన్నాడు. పరిశోధన దేని గురించో చెప్పలేదు. ఇక చెప్పడానికి ఇసుక మిగల్లేదు. రాజధానిలో రెండు రోజులు తలుపులు వేసుకుని కూర్చుని, చివరికి ఒక నిర్ణయం బయటపెట్టారు. ఏ దేశపు యుద్ధనౌకా, ఏ దేశపు పరిశోధన ఓడా ఏడాది పాటు ఈ రేవుకు రాకూడదు. ఎవరికైనా ఒకటే మాట.

ఇద్దరికీ కోపమొచ్చింది. పక్కింటాయన ఓ వేట కాలమంతా చేపలు కొనలేదు, పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. దూరపు చుట్టం బట్టల మీద పన్ను పెంచింది. భార్య ఫ్యాక్టరీలో పని సగమైంది. "పోనీలెండి, ఇన్నాళ్ళకు కాళ్ళు చాపుకునే తీరిక దొరికింది" అంది ఆమె, నవ్వకుండానే. దెబ్బ తగిలింది. కానీ అందరూ భయపడినంత దెబ్బ కాదు. కొన్నాళ్ళకు ఇద్దరూ కాస్త మెత్తబడ్డారు, ఎదుటివాడికీ అదే జవాబు వచ్చిందని నమ్మకం కుదిరాక.

కార్యదర్శి ఏదో దూరదేశపు రాయబార కార్యాలయానికి బదిలీ అయ్యాడు. వెళ్ళేముందు ఫోన్ చేశాడు. "ఈ మాట మొదటి రోజే అనాల్సింది కెప్టెన్ గారూ. ఎందుకనలేదో నాకు తెలుసు. భయం. ఇద్దరిలో ఎవరికీ కోపం రాని దారి ఒకటి ఉంటుందనుకున్నాను" అన్నాడు. పైలట్‌కు అతని మీద కోపం రాలేదు. తెచ్చుకోవాలని ప్రయత్నించినా రాలేదు.

సెలవు దొరకగానే అతను బస్సెక్కి దక్షిణం రేవుకు వెళ్ళాడు. బావమరిది రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాడు. ఒక గదిలో ఇంకా విప్పని మూటలు కనిపించాయి. పైలట్ చెప్పులు విప్పి కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పాడు. చేపల సంగతి, బట్టల సంగతి, పైవాళ్ళ భయం, అన్నీ. బావమరిది అంతా విన్నాడు.

"వాళ్ళతో అలా చెప్పావు, సరే. అది దేశం పని. నేను కాదనను" అన్నాడు. విప్పని మూటల వైపు చూసి, "ఆ రోజు నీ ఇంట్లో కూర్చుని అడిగింది దూరపు చుట్టం కాదు బావా. నేను" అన్నాడు.

పైలట్ తలొంచుకున్నాడు. సాయంత్రం బస్సుకే తిరిగొచ్చాడు. దారంతా కిటికీకి తల ఆనించి ఉన్నాడు గానీ నిద్ర పట్టలేదు.

తరలిపోయిన ఓడల్లో కొన్ని తిరిగొచ్చాయి, అన్నీ రాలేదు. ఓ ఏడాది గడిచాక రెండు క్రేన్లు మళ్ళీ కదిలాయి. పాతవాళ్ళను పిలిస్తే బావమరిది కూడా వచ్చాడు. కానీ చాలాకాలం అక్కను చూడటానికి బావ రేవులో ఉండే వేళల్లోనే వచ్చిపోయేవాడు. తనకు సెలవైన ఓ రోజు మధ్యాహ్నం మాత్రం, బావ ఇంట్లో ఉన్నాడని తెలిసే వచ్చాడు. భోజనం చేశాక ఎదురుగా కూర్చుని, క్రేన్ సీటు విరిగిపోయిందనీ, బాగు చేయమంటే దాని విడిభాగం పక్కింటాయన దగ్గరే దొరుకుతుందంటున్నారనీ, దిండు వేసుకుని నడుపుతున్నాననీ చెప్పుకొచ్చాడు. టీవీలో సముద్రం అడుగున కొత్త ఇంటర్నెట్ తీగ వేయడానికి రెండు పెద్ద దేశాలూ ముందుకొచ్చాయనీ, ప్రభుత్వం ఆలోచిస్తోందనీ చెబుతున్నారు.

దిండు సంగతి సగంలో ఉండగానే పైలట్ కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోయాడు. పొద్దున మూడు ఓడలు ఎక్కి దిగాడు మరి. బావమరిది మాట ఆపి, కాసేపు అతని వైపే చూశాడు. లేచి టీవీ కట్టేసి, ఫ్యాను కొంచెం తగ్గించి, అక్కతో వస్తానని సైగ చేసి వెళ్ళాడు.