పన్నెండు గంటల రుచి

బిట్రగుంట స్టేషన్లో మా అమ్మ పరంజ్యోతి నాలుకంటే అందరికీ జంకే. రైల్వే కాలనీలో ఒక దొర ఇంట్లో పద్దెనిమిదేళ్ళు వంట చేసింది. ఆ కుటుంబం ఓడెక్కి వెళ్ళిపోయాక, స్టేషన్లో టిఫిన్ రూము నడిపే గంగాధరం గారు ఆమెను శాండ్‌విచ్‌లు చేయడానికి పెట్టుకున్నారు. రెండు రొట్టె ముక్కల మధ్య వెన్న, కీరకాయ తప్ప ఏముంటుందిలే అనేవాళ్ళు ఆమె దగ్గర ఒక పూట నిలబడితే చాలు, మళ్ళీ ఆ మాట ఎత్తరు.

ఆమెకో పద్ధతి ఉండేది. పొద్దున ఆరింటికి చేసినదాన్ని ఆరింటికే రుచి చూసేది కాదు. మిగతా వాటితో పాటు అద్దాల బీరువాలో ఉంచి, మద్రాసు పాసింజరు వచ్చే పన్నెండింటికి తినేది.

"కొనేవాళ్ళు తినేది పన్నెండుకు గదా! పొద్దున నేను తిని మురిసిపోతే ఎవురికి లాభం?" అనేది.

కొంగు నెత్తిన కప్పుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాకే కొరికేది. అంతవరకూ గంగాధరం గారు కూడా కదలకుండా నిలబడేవారు. నాకెంత గర్వంగా ఉండేదో! అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఆమెతో పాటు రొట్టె కోసేదాన్ని.

1962 ఎండాకాలంలో ఒక పొద్దున గంగాధరం గారు అట్టపెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. నెల్లూరులో కొత్తగా తెరిచిన రొట్టెల దుకాణం వాళ్ళు చేసి, మైనపు కాగితంలో చుట్టి, తొలి బండికి పంపిన శాండ్‌విచ్‌లు.

"పరంజ్యోతమ్మా, దాచేదేముండాది. ఇవి బాగుంటే రోజూ వాళ్ళ దగ్గరే తెప్పించుకుంటా. ఇంక ఇక్కడ చేసే పనుండదు. బాగలేదంటే తిప్పి పంపిస్తా. నువ్వే తిని చెప్పు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. తన పని పోవాలో ఉండాలో తన నోటితోనే చెప్పమనడం ఏం మర్యాద? నాన్న లేని ఇల్లు మాది. ఇద్దరికీ ఆ టిఫిన్ రూమే ఆధారం.

"బాగలేదని ఒక్క మాట చెప్పమ్మా" అని చెవిలో అన్నాను.

ఆమె వాళ్ళది ఒకటి, మాది ఒకటి పక్కపక్కన బీరువాలో పెట్టి, తన పనిలో పడింది.

పన్నెండింటికి బండి వచ్చింది. ఇంజను మార్చేలోపు జనం టిఫిన్ రూమును చుట్టుముట్టారు. అమ్మ కొంగు కప్పుకుంది. ఆ రోజు ప్రార్థన కాస్త ఎక్కువసేపే చేసింది. ముందు మాది తిన్నది. నీళ్ళు తాగి, వాళ్ళది విప్పింది. రొట్టెను వేలితో నొక్కి చూసింది. ఎప్పుడూ ఒక్క ముక్క కొరికి వదిలేసేది, దాన్ని మాత్రం మొత్తం తిన్నది.

"వాళ్ళదే బాగుండాది, గంగాధరం గారూ. కీరకాయ ముక్కల్ని గుడ్డలో వేసి, నీళ్ళు పిండేసి పెట్టినారు. ఇంత సేపైనా రొట్టె తడవలా. ఇన్నేళ్ళలో నాకీ సంగతి తట్టనే లేదు."

ఇంటికి నడుస్తూ దారంతా ఏడ్చాను. "నోటికాడి కూడు నువ్వే తీసేసుకుంటివే!" అని అరిచాను.

"ప్రార్థన చేసుకుని తిన్న నోటితో అబద్ధం ఎట్టా చెప్తా, ఆనందా?" అన్నది, అంతే.

రెండు నెలలు ఇంటి ముందు దోసెలు పోసి అమ్మాం. పొగకు కళ్ళు మండినప్పుడల్లా ఆమె మీద విసుక్కునేదాన్ని. ఆమె మాత్రం ఒక్కనాడూ అయ్యో అనలేదు.

ఒక మధ్యాహ్నం గంగాధరం గారు చెమటలు కక్కుకుంటూ మా వాకిట్లోకి వచ్చారు. చేతిలో మైనపు కాగితం పొట్లం.

"దుకాణం వాళ్ళు సరుకు బ్రహ్మాండమంటుండారు, కొన్నోళ్ళు మొహం చిట్లిస్తుండారు. పన్నెండు దాకా ఉంచే తెచ్చినా. నువ్వు చెప్పమ్మా."

అమ్మ చేతులు కడుక్కుంది. కొంగు కప్పుకుంది, ప్రార్థన చేసుకుంది, ఒక ముక్క కొరికింది.

"వెన్న మార్చినారు. తిప్పి పంపించండి."

పని తిరిగి వస్తుందన్న ఆశతో ఇట్లా అంటున్నావా అని ఆయన అడగలేదు. ఇంకో మనిషికి చూపిస్తాననీ అనలేదు. పొట్లం చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"రేపు ఆరింటికి ఇద్దరూ రండి. కీరకాయ పిండే గుడ్డ నేను తెస్తా" అన్నారు.