నలభై ఎనిమిది అల్లం బొమ్మలు

అక్క పిండిముద్దలో బొటనవేలు నొక్కి చూసింది. గుంట అంచులు పగిలితే మైదా ఎక్కువైనట్టు, వేలికి అంటుకుంటే బెల్లం పాకం ఎక్కువైనట్టు, నున్నగా నిలిస్తే కుదిరినట్టు. నున్నగానే నిలిచింది. ముద్దని పలచటి తెల్లగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలోకి తోసింది. గట్టు తుడిచింది. అప్పడాల కర్ర కడిగి గోడకి ఆనించింది. చేతులు తుడుచుకుని చెల్లెలికి ఫోన్ చేసింది.

ఇదంతా చెల్లెలు కళ్ళతో చూసింది కాదు. అయినా చూసినట్టే చెప్పగలదు. నలభై ఏళ్ళుగా అదే వరస, ఒక్క మెట్టు అటూ ఇటూ కాలేదు.

"పిండి కలిపేశానే," అంది అక్క.

"ఈసారి ఎన్ని?"

"నలభై ఎనిమిది. పోయినేడాదికంటే రెండెక్కువ. కింది వాటాలో కవలలు పుట్టారులే, వాళ్ళకి చెరొకటి."

"పుట్టీ పుట్టగానే బిస్కెట్లేమిటే? పళ్ళొద్దూ?"

"పళ్ళొచ్చాక తింటారు. తిని పాడుచేసుకున్నాక మీ డాక్టరు దగ్గరికే వస్తారు. నీ ఉద్యోగం నేను నిలబెడుతున్నాను, అది చూడవు."

చెల్లెలు నవ్వింది. ఆమె పని చేసేది ఒక పళ్ళ డాక్టరు దగ్గర. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని వరసలో కూర్చోబెట్టడం, లోపలినుంచి అరుపు వినబడితే బయటివాళ్ళకి ధైర్యం చెప్పడం. "రేపట్నించి సెలవులేగా, రమ్మంటావా?" అని అడిగింది, జవాబు తెలిసే.

"ఎందుకే శ్రమ? రెండు బస్సులు మారాలి. పైగా ఇల్లంతా జనం. కళ్ళజోడు మాష్టారు పొద్దున్నే దిగబడతాడు, కుక్కామె కుక్కతో సహా వస్తుంది. నిన్ను ఎక్కడ కూర్చోబెట్టను, నెత్తినా?"

"సరేలే. సెలవులు బాగా గడుపు."

"నువ్వూను."

మర్నాడు పొద్దున్న గుమ్మంలో పాల ప్యాకెట్టు తీసేవాళ్ళు లేక అలాగే ఉంటే, గేటు దగ్గరి వాచ్‌మన్ తలుపు కొట్టి కొట్టి, చివరికి చెల్లెలికి ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయింది అక్క. గుండె అన్నారు. అరవై ఒకటి నిండలేదు.

చెయ్యవలసినవన్నీ చేసేశాక, ఐదోరోజున, ఇల్లు ఖాళీ చెయ్యడానికి చెల్లెలు ఒక్కతే వచ్చింది. ముందు ఫ్రిజ్ తెరిచింది. సగం నిమ్మకాయ, నాలుగు గుడ్లు, చిన్న గిన్నెలో ఉడకబెట్టిన బీట్‌రూట్ ముక్క. ఆ ముక్కని ఏ కూరకో అనుకుని చెత్తబుట్టలో పడేసింది. కింది అరలో డబ్బా. గుడ్డ విప్పింది. పిండి మధ్యలో బొటనవేలి గుంట. దాని అడుగున సన్నటి గీతలు కూడా అచ్చుపడి ఉన్నాయి.

ఆమె నేలమీద కూర్చుండిపోయింది. ఫ్రిజ్ తలుపు తీసే ఉండటంతో, అది కాసేపటికి గుర్రుమనడం మొదలుపెట్టింది.

వాళ్ళ నాన్న రొట్టెల బట్టీలో పనివాడు. సెలవులకి ముందు నెలరోజులు ఆయన చొక్కా, మీసం, దిండు అన్నీ శొంఠి వాసనే. బట్టీలో పారేస్తున్న సొట్టపడిన అచ్చొకటి ఇంటికి తెచ్చాడు. మనిషి ఆకారం. ఎడమచెయ్యి వంగిపోయి కొంచెం పైకి లేచి ఉంటుంది. "మంచిదే, అందర్నీ రమ్మని పిలుస్తున్నట్టుంది," అన్నాడు. తల్లి లేని ఇంట్లో ఆ నెల పండగలా ఉండేది. నాన్న కాల్చేవాడు, చెల్లెలు అచ్చు గుద్దేది, పైన తెల్ల చక్కెర పూత ఎప్పుడూ అక్కదే. కాగితం పొట్లం చుట్టి, కొస కత్తిరించి, ఊపిరి బిగబట్టి గీసేది. ప్రతి ఏడూ ఒక బొమ్మకి రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. బట్టీలోంచి నాన్న సీసా అడుగున మిగిలిన ఎర్రరంగు తెచ్చేవాడు. అది చెల్లెలి బొమ్మ. ఇంకెవరూ ముట్టుకోవడానికి లేదు.

నాన్న పోయాక కూడా అది ఆగలేదు. అక్క ఆసుపత్రిలో దుప్పట్ల చిరుగులు కుట్టే గదిలో చేరింది. ముప్ఫై ఏళ్ళు కిటికీ లేని ఆ గదిలోనే కుట్టింది. పెళ్ళి మాటెత్తితే "మంచాలమీద ఉన్న మగవాళ్ళని రోజూ చూస్తున్నానుగా, చాలు," అనేది. చెల్లెలు పెళ్ళి చేసుకుని ఊరి అవతలికి వెళ్ళింది, తరవాత భర్త నుంచి విడిపోయి అక్కడే ఒక గదిలో ఉండిపోయింది. ఏటా సెలవుల్లో మాత్రం అక్క దగ్గరికి వచ్చి అచ్చు గుద్దేది.

ఏడేళ్ళ క్రితం దాకా. ఆ ఏడు రెండో బస్సు చెడిపోయి, వానలో తడిసి వచ్చింది. రాగానే అక్క "ఆలస్యమైందేమే, పిండి గట్టిపడిపోతోంది," అంది. అంతే. చెల్లెలి నోరు జారింది. "నాకేం సరదానా రావడానికి? నీకు నేను తప్ప దిక్కెవరున్నారని? అందుకే ఏటా వచ్చి చస్తున్నాను."

అక్క పూత గీస్తూనే ఉంది. ఆ సాయంత్రం చెల్లెలు వెళ్ళేటప్పుడు రెండు జడల బొమ్మని ఎప్పటిలాగే కాగితంలో చుట్టి ఆమె సంచిలో పెట్టింది.

మరుసటి ఏడు నుంచి అక్కకి జనం మొదలయ్యారు. కళ్ళజోడు మాష్టారు. కుక్కామె. ఎండలో కూడా గొడుగు వదలని గొడుగాయన. ఒక్కొక్కరికి వాళ్ళ గుర్తుతో బొమ్మ చేస్తున్నానంది. నువ్వు శ్రమపడి రానక్కర్లేదంది. చెల్లెలు మొదట ఊపిరి పీల్చుకుంది. తరవాత కాస్త ఉడుక్కుంది. ఇంతమంది దొరికాక నేనెందుకు గుర్తుంటానులే అనుకుంది. ఆ అనుకోవడంలోనే ఆరేళ్ళు గడిచాయి. మధ్యలో కలవలేదని కాదు, బజారులోనో ఆసుపత్రిలోనో కలిసేవాళ్ళు. సెలవుల్లో మాత్రం లేదు.

ఇప్పుడు ఆమె లేచి ఓవెన్ వెలిగించింది. "పిండి వారం ఆగుతుందమ్మా, కొనేవాడే ఆగడు," అనేవాడు నాన్న. ఇది ఐదోరోజే. అక్క ఆఖరిసారి కలిపిన పిండి చెత్తలోకి వెళ్ళకూడదు. అక్క మనుషులకి అక్క చేతి బిస్కెట్ అందాలి. ఇన్నేళ్ళూ తను రాకపోయినా, ఈ ఒక్కపనైనా పూర్తిచెయ్యాలి.

బొటనవేలి గుంట ఉన్న ముక్కని పక్కన పెట్టి, మిగతాదంతా ముందు ఒత్తింది. చివరికి దాన్నీ ఒత్తక తప్పలేదు. కర్ర ఒక్కసారి అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి గుంట పోయింది.

అచ్చు గుద్దడం చేతికి వచ్చిన పనే. పూతే రాదు. గుడ్డు తెల్లసొన గిలకొట్టి, చక్కెర పొడి, నిమ్మరసం కలిపి, పొట్లం చుట్టి, మొదటి పళ్ళెం బయటికి రాగానే మొదలుపెట్టింది. మాష్టారికి గుండ్రటి కళ్ళజోడు గీసింది. చూస్తుండగానే అది జారి ముక్కు కిందికి వచ్చి మీసమైంది. కుక్కామె కుక్క కరిగి మడుగైంది. గొడుగాయన గొడుగు ఆయన కాళ్ళమీద పడింది. వేడిమీద పూత నిలవదని, చల్లారేదాకా ఆగాలని, ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని కూడా ఆమె గమనించలేదు. చల్లారేలోపు అక్క ఏదో ఒక కబురు చెప్పేది కాబట్టి, ఆగుతున్నట్టే తెలిసేది కాదు.

"చూశావా నీ మాష్టారి అవతారం," అని పైకే అంది. ఎవరూ నవ్వలేదు.

మిగతా పళ్ళేలు బల్లమీద పరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చల్లారేదాకా కూర్చుంది. అరగంట. ఆ వంటింట్లో అరగంట ఎంత పొడుగో ఆమెకి ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్నానికి డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. ముందు కవలల ఇల్లు. తలుపు తీసిన అమ్మాయి భుజంమీద ఒక బిడ్డ, లోపల ఇంకో బిడ్డ ఏడుపు.

"మా అక్క పంపిందమ్మా, పై వాటాలో ఉండేది."

"పైనా? ఆ... మెట్లమీద ఎదురుపడితే గోడకి ఆనుకుని దారిచ్చేవారు, ఆవిడేనా? పాపం, పోయారని విన్నాను." బిడ్డని సర్దుకుంటూ అడిగింది. "మాకు కవలలని ఆవిడకెలా తెలుసండీ? మేమెప్పుడూ మాట్లాడుకోలేదే!"

చెల్లెలు తలెత్తి చూసింది. వసారాలో తీగమీద చిన్న చొక్కాలు ఆరేసి ఉన్నాయి, ఏది చూసినా రెండేసి. అక్క వంటింటి కిటికీ సరిగ్గా దానికి పైన ఉంది.

కుక్కామె తలుపు ఒక బెత్తెడే తీసింది. సందులోంచి కుక్క మూతి ముందు బయటికొచ్చింది. "ఏమీ కొననమ్మా," అంది.

"అమ్మడానికి కాదండీ. మా అక్క ఏటా మీకిచ్చే అల్లం బిస్కెట్లు."

"నాకా? పదకొండేళ్ళనుంచి ఉన్నానిక్కడ, నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. ఇచ్చినా శొంఠి మావాడికి పడదు." కుక్కవైపు చూసి, మళ్ళీ డబ్బావైపు చూసి, కొంచెం మెత్తబడింది. "అది మావాడి బొమ్మేనా? చెవి కూడా సరిగ్గా వంకరగా పెట్టారే! సరే, ఇవ్వండి."

గొడుగాయన ఊళ్ళో లేడు. కళ్ళజోడు మాష్టారు మాత్రం బిస్కెట్‌ని కళ్ళదగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నేనా?"

"మీరేనండీ. మొదటిది మీసమైపోయింది, ఇది రెండోది."

"నేనెప్పుడూ మీ అక్కగారింటికి వెళ్ళలేదమ్మా. కానీ ఏటా ఈ రోజుల్లో మెట్లనిండా ఈ వాసనే. పైవాళ్ళది ఎంత పెద్ద సంసారమో, ఎంత సందడో అనుకునేవాణ్ణి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్కరేనా ఉండేది?"

"ఒక్కతేనండీ," అంది చెల్లెలు.

పైకి వచ్చి అలమారాలన్నీ తెరిచింది. మూడో దాంట్లో పెద్ద రేకు డబ్బా దొరికింది. అందులో పోయినేడాది బొమ్మలు రెండు మిగిలి ఉన్నాయి, రాయిలా బిగుసుకుపోయి. ఒకదానికి గొడుగు. అక్క వాటిని ఎవరికీ ఇవ్వలేదు. ఏడాది పొడుగునా టీలో ముంచుకుని ఒక్కతే తిన్నది, కిటికీలోంచి చూసిన మనుషుల్ని ఒక్కొక్కరినీ. చెల్లెలు అన్న ఆ ఒక్క మాటకి జవాబుగా ఇంతమందిని పోగుచేసుకుంది.

ఆమె ఏడవలేదు. కోపం వచ్చింది. "చెప్పొచ్చుగదే," అంది డబ్బాతో. "జనం లేరు, రావే అని ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

నాలుగింటికి తాళం వేసి, మిగిలిన బిస్కెట్లు సంచిలో పెట్టుకుని కిందికి దిగింది. గేటు ఎదురుగానే బస్ స్టాపు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. అతనికైనా ఇద్దామని డబ్బా మూత తీసింది.

"మీక్కావలసింది తీసుకోండి."

అతను వంగి, వేలితో గాలిలోనే ఒక్కొక్క బొమ్మనీ వరసగా చూసుకుంటూ వెళ్ళాడు. చివరిదాకా చూసి, మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"రెండు జడలది చెయ్యలేదామ్మా?"

"రెండు జడలదా?"

"నాకేటా ఇచ్చేది అదేగా. ఇంకోటి ఎప్పుడూ ఇవ్వలేదు." తప్పు మాట్లాడానేమో అన్నట్టు అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "సెలవు మొదలైన రోజు పదింటికల్లా దిగి వచ్చేవారమ్మా. ఈ కుర్చీ వేసేవాణ్ణి. ఒళ్ళో కాగితంలో చుట్టి ఒక్క బిస్కెట్టే ఉండేది. పదకొండున్నర బస్సు చూసేవారు, పన్నెండున్నరది చూసేవారు. చెల్లెలొస్తోందా అమ్మా అంటే, రాదయ్యా, నేనే రావద్దన్నాను అనేవారు. అయినా కూర్చునేవారు. రెండో బస్సు కూడా వెళ్ళిపోయాక, తినెయ్యవయ్యా అని నా చేతిలో పెట్టి పైకి వెళ్ళిపోయేవారు. ఆరేళ్ళూ అంతే."

చెల్లెలు డబ్బా మూత పెట్టబోయింది. మూత సరిగ్గా కూర్చోలేదు.

"జడలకి ఎర్ర రిబ్బన్లు కూడా ఉండేవమ్మా," అన్నాడు అతను. "రంగు వేళ్ళకి అంటుకునేది. కొన్నరంగు కాదులే భయపడకు, బీట్‌రూట్ ఉడకబెట్టి తీశాను అనేవారు."