థెవెనిన్ డబ్బాలో నేను పెట్టిన రెసిస్టర్

మేం పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ల్యాబులో మీటరు చూసి అంకె రాసుకోవడమనేది పూర్వం ఎవరో పెద్దలు చేసేవారట అని చెప్పుకునే సంగతే తప్ప, కళ్లారా చూసినవాళ్లు లేరు. మాకు సీనియర్ల రికార్డు పుస్తకాలుండేవి. వాళ్లకు వాళ్ల సీనియర్లవి. అలా చేతులు మారి మాదాకా వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా ఘనమైనది రెండు పాయింట్ నాలుగు ఎనిమిది. లెక్క ప్రకారం ఒక ప్రయోగంలో రావాల్సింది రెండున్నర మిల్లీ ఆంపియర్ల కరెంటు. మరీ రెండున్నర అని రాస్తే కొలవలేదని తెలిసిపోతుందని ఏ మహానుభావుడో కాస్త తగ్గించి రాశాడు. అప్పటినుంచి ప్రకాశం జిల్లాలో సగం మంది కరెంటు పనివాళ్లం ఆ రెండు పాయింట్ నాలుగు ఎనిమిది పుణ్యాన పాసైనవాళ్లమే.

ఆ ప్రయోగం పేరు థెవెనిన్ సిద్ధాంతం. మా ల్యాబ్ సారు దాన్ని మిర్చి యార్డు భాషలో చెప్పేవారు. "బస్తా కొనేవాడు లోపల కాయలు లెక్కపెడతాడంట్రా? ఘాటెంత, తేమెంత, ఈ రెండే చూస్తాడు. అట్లాగే డబ్బాలో ఎన్ని బ్యాటరీలున్నా ఎన్ని రెసిస్టర్లున్నా, బయట రెండు టెర్మినళ్ల దగ్గర నిలబడ్డవాడికి ఒక్క బ్యాటరీ, దాని పక్కన ఒక్క రెసిస్టర్. అంతే. లోపలి సంగతి నీకెందుకు?" అందరం తలూపాం. ఒక్కడు మాత్రం చెయ్యెత్తాడు. "మరి లోపల తాలుకాయలు పోస్తేనో సార్?" సారు "కూర్చో" అన్నారు. వాడు కనిగిరి వైపు వాడు, నా రూమ్మేటు. వాళ్లమ్మా నాన్నా ఇద్దరూ కూలికి వెళ్లేవాళ్లు. ప్రతిదానికీ "ఎందుకండీ?" అని అడిగేవాడు కాబట్టి క్లాసులో వాడి పేరే ఎందుకండీ.

ఆ ప్రయోగానికి సన్‌మైకా అతికించిన ఒక చెక్క డబ్బా ఉండేది. పైన సర్క్యూటు బొమ్మ, లోపల మూడు రెసిస్టర్లు. నాకు వాడిలా సిద్ధాంతాల మీద ఆసక్తి లేదు గానీ, తిప్పే గుండీల మీద మహా ఆసక్తి. ఒక రోజు సారు టీకి వెళ్లారు, ఎందుకండీ ఊరెళ్లాడు, పవర్ సప్లై నా ముందుంది. పది ఓల్టుల దగ్గర ఉంచాల్సిన గుండీ ముప్పై దాకా తిరుగుతుందని తెలిశాక తిప్పకుండా ఎలా ఉండడం? పైగా తీగలు ఒకే రెసిస్టర్‌కు నేరుగా తగిలించి తిప్పాను. డబ్బా సందులోంచి సన్నగా పొగ వచ్చింది. (ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేనే ముద్దాయినన్నట్టు చుట్టూ చూస్తాను.)

మర్నాడు బజారులో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి మాడిపోయిన ముక్క పట్టుకెళ్లాను. బొమ్మ మీద వెయ్యి ఓములని రాసుంది. ఆయన డబ్బాలన్నీ వెతికి, "వెయ్యిది లేదబ్బాయ్, ఇదుంది" అని ఇంకోటి ఇచ్చాడు. "ఇదీ రెసిస్టరేగా అండీ?" అన్నాను. "రెసిస్టరే" అన్నాడాయన, అడిగినదానికి నిజాయితీగా. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు డబ్బా విప్పి, శనగ గింజంత సీసం కరిగించి, దాన్ని అతికించి మూసేశాను. ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే ఎవరో ఒకరు కొలవాలిగా!

కొలిచేవాడు చివరి పరీక్షలో దొరికాడు. అప్పటికి గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లువాళ్లు మా ఇద్దరినీ ట్రైనీలుగా ఎంచుకుని, అన్నీ పాసైతేనే చేరమన్నారు. ప్రాక్టికల్స్ రోజు చీటీ తీస్తే ఎందుకండీకి థెవెనిన్ వచ్చింది. నా బల్ల వాడి పక్కనే. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ వాడి కాగితం చూసి, పక్కున నవ్వి, అందరికీ వినపడేలా చదివారు.

"మూడు పాయింట్ ఒకటి నాలుగు! ఏమయ్యా, కరెంటు కొలవమంటే వృత్తం చుట్టుకొలత కొలిచావా? ఇది ల్యాబా, లెక్కల క్లాసా?"

"నిజంగానే అంత వచ్చింది సార్. ఓపెన్ సర్క్యూట్ ఓల్టేజి అయిదు రావాలి, దాదాపు ఏడు వచ్చింది. రెసిస్టెన్సు కూడా పెరిగింది. రెండూ పెరిగినయ్యంటే బొమ్మలో కింద ఉన్న రెసిస్టర్ పెద్దది పడింది సార్. వెయ్యి కాదు, రెండు వేల పైచిలుకు ఉండాలి. ఒక్కసారి డబ్బా విప్పించండి."

బయట రెండు టెర్మినళ్ల దగ్గర నిలబడి, మూత తియ్యకుండా, నా నేరాన్ని ఓములతో సహా చెబుతున్నాడు. సారు చెప్పిన సిద్ధాంతాన్ని వాడు వెనక్కి నడిపించాడు. లోపలి సంగతి మనకెందుకని ఊరుకోకుండా, బయటి రెండు అంకెలు పట్టుకుని లోపలికి వెళ్లాడు.

ల్యాబ్ సారు "స్టాకు రిజిస్టర్‌లో ఉన్న వస్తువండీ, విప్పాలంటే సంతకాలు కావాలి" అని నసిగి, నా వైపు తిరిగారు. "మొన్న మోడల్ పరీక్షలో ఈ డబ్బా మీద నువ్వేగా చేసింది? నీకెంతొచ్చిందిరా?"

విప్పితే ఆ శనగ గింజ కనపడుతుంది. నా మిల్లు ఉద్యోగం కళ్ల ముందు తిరిగింది.

"రెండు పాయింట్ నాలుగు ఎనిమిది సార్."

ఎందుకండీ నా వంక చూశాడు. కోపంగా చూసుంటే బాగుండేది. "ఒరేయ్, నీకట్లా ఎట్లా వచ్చిందిరా?" అన్నాడు, నిజంగా తెలుసుకుందామని.

వాడు పరీక్ష తప్పాడు. ఆ సాయంత్రం మెస్సులో వాడికి "వృత్తం" అని పేరు పెట్టిందీ నేనే. అందరూ నవ్వుతూ ఉంటే డబ్బా సంగతి ఎవరూ అడగరని నా లెక్క. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మిల్లులో చేరాను. వాడు ఆర్నెల్లు వాళ్లమ్మతో పాటు పత్తి తీతకు వెళ్లి, పరీక్ష మళ్లీ రాసి, అదే మిల్లుకు నా కిందకి వచ్చాడు. "నమస్కారం సీనియర్ గారూ" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

ఇప్పుడు వాడు వాడరేవు దగ్గర రొయ్యల చెరువుల మోటార్లు చూసుకుంటున్నాడు. మొన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవడో మళ్లీ "వృత్తం గారికి జన్మదిన శుభాకాంక్షలు" అని పెట్టాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నా వేలు కూడా నవ్వు బొమ్మ దాకా వెళ్లి, ఎందుకో ఆగిపోయింది. ఎందుకండీకి ఫోను చేసి, పొగ దగ్గరనుంచి మొత్తం చెప్పేశాను.

చెరువులో నీళ్లు చిలికే చక్రాల చప్పుడు మీదుగా వాడి గొంతు వినిపించింది.

"ఏ రంగులురా?" అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు పెట్టిన రెసిస్టర్ మీద గీతలు. ఏ రంగులు?"

"మూడూ ఎరుపే."

"రెండు వేల రెండు వందలు! నేను చెప్పలా? రెండు వేల పైచిలుకు అన్నానా లేదా?" వాడు చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అయితే ఆ మీటరు మంచిదేరా. ఇన్నేళ్లూ దాన్నే అనుమానించా. ఉండు, ఒకసారి లెక్క వేసి చూస్తా" అని పెట్టేశాడు.

ఇంత తేలికగా అయిపోయిందా అనుకుని, భార్య ఇచ్చిన టీ తాగుతున్నాను. పది నిమిషాలకు ఫోను మోగింది.

"ఒరేయ్ దరిద్రుడా! లెక్క వేశా. సరిగ్గా మూడు పాయింట్ ఒకటి నాలుగే వచ్చింది. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆర్నెల్లు పత్తి తీశాన్రా నేను! వేళ్లు చీరుకుపోయి అన్నం కలుపుకుంటే మంట! మా అమ్మ నన్ను చదువు రానోడనుకుందిరా!"

ముందు కుతూహలం తీరాక గానీ వాడికి కోపం రాలేదు. వచ్చాక మాత్రం ఇన్నేళ్లదీ ఒక్కసారే వచ్చింది. తిట్టాడు. గ్రూపులో ఒక ముక్క పడేస్తే చాలదు, లెక్కతో సహా సరిగ్గా రాయమన్నాడు. (ఇదిగో, రాశాను.) నేను ప్రతిదానికీ "అవునురా, నిజమే" అంటున్నాను. ల్యాబులో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఇరవై ఏళ్ల ఆ ఇస్త్రీ చొక్కావాణ్ణి తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసి వచ్చాయి.

పావుగంటకు వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"ఇంకా ఉందా?" అన్నాను.

"చాలా ఉంది. ఉండు, మంచినీళ్లు తాగొస్తా."

చెవి దగ్గరనుంచి ఫోను తియ్యకుండా నిలబడ్డాను.