నర్సింగమ్మత్త అరగంట

మా మేనత్త నర్సింగమ్మకు ఏ వార్తయినా వెంటనే చెప్పకూడదు. మంచిదైనా, చెడ్డదైనా ముందు ఆమె నోట్లో గోలి పడాలి, తర్వాత అరగంట గడవాలి. మక్తల్‌లో మా వాడంతటికీ తెలిసిన రూలిది. అత్త గొర్రె ఈనుతోందని చెప్పడానికి ఉరికొచ్చిన పాలోడు ఐలేశం, అరగంట కూర్చుని, పిల్ల పుట్టిందని చెప్పి పోయాడు.

దీనికంతటికీ మూలం గుండె డాక్టరు. దడ తగ్గడానికి బీటా బ్లాకర్ మాత్ర రాసిచ్చాడు. అదెట్లా పనిచేస్తుందో అత్తే నాకు వివరించింది.

"కోపమొచ్చినా, భయంతోని బుగులైనా ఒంట్ల అడ్రినలిన్ అని ఒకటి లేస్తదంట అల్లుడా. గది కొరడ వట్టి గుండెను తోల్తది. గుండె ఉరుకుతది, గట్టిగ పిండుకుంటది. గీ గోలి కొరడకు అడ్డం నిలవడ్తది."

ఆ కొరడా నాకు కొత్తేం కాదు. నాకు కోపం ముందొస్తుంది, కారణం వెనక ఆటోలో వస్తుంది.

మొన్న నా భార్య రమ, నేను గురకపెడుతున్న వీడియోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. ఆత్మకూరులో మా బామ్మర్దులు పడీపడీ నవ్వారట. ఆమె సెల్లు లాక్కుని నేలకేసి కొట్టాను. ఇంతకీ నేను చేసే పని సెల్లు రిపేరు! "ఇగ నీ మొకం సూడ" అని రమ బ్యాగు సర్దుకుని పుట్టింటికని వెళ్లిపోయింది.

నేను తగ్గుతానా? ఆత్మకూరు పోయి మామ ముందే తెగతెంపులు చేసుకుంటానని కాసేపటికే బయల్దేరాను. ఓ మాట చెప్పిపోదామని నర్సింగమ్మత్త ఇంట్లో అడుగుపెట్టాను.

"అత్తా, రమను ఇడిచిపె..."

"ఆగు! గోలి ఏస్కోనియ్యి." నోట్లో ఏదో వేసుకుంది. "కూసో. అరగంట."

"బస్సు పోతదత్తా!"

"పోతే ఇంకోటొస్తది. గీ పల్లీలు ఒలువు."

మొదట ఒక్కో కాయనూ బామ్మర్ది మెడ అనుకుని విరిచాను. కాసేపటికి గుండె చప్పుడు వినపడటం మానేసింది. ఆ గురక నిజంగానే ట్రాక్టరు చప్పుడులా ఉందని అప్పుడు ఒప్పుకున్నాను. ఆ తర్వాత, రమ లేని ఇల్లు తలచుకుంటే భయమేసింది.

"ఇగ చెప్పు. ఏందో ఇడుస్తనంటివి?"

"ఏం లేదత్తా. నాకు రమ గావాలె."

అత్త ఫక్కున నవ్వింది. నోట్లోంచి యాలకుల వాసన!

"మరి గోలి?"

"డాక్టర్ చెప్పినట్టు పొద్దుగాలనే ఏస్కుంట. గీ అరగంట నా గుండెకు గాదు పిచ్చోడా, ఉరికొచ్చినోళ్ల గుండెకు. కొరడ ఆగినంకనే మనిషి మాట బయటికొస్తది."

ఇన్నేళ్లూ ఆమె గుండెను నేనేదో కాపాడుతున్నానని మురిసిపోయాను!

"వంటింట్లకు పో. నీ పెండ్లాం గూడ బస్సెక్కేముందు చెప్పిపోదామనే వచ్చింది. ఆమె అరగంట ఎప్పుడో అయిపోయింది."

లోపల రమ, ఒళ్లో చేట పెట్టుకుని పల్లీలు ఒలుస్తోంది.

"తప్పు నాదే" అన్నాను.

"గురక గూడ నీదే" అంది.