హారతికి ముందు మూత

ఈ ఏడు కూడా ఆయుధ పూజ నాడు, పెనుకొండ దగ్గర నేను పనిచేసే ల్యాబులో ఎవరో కర్పూరం పొట్లం విప్పారు. ఇంకా వెలిగించనే లేదు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే లోపలి గదికి పరుగెత్తాను. పరికరాల మూతలన్నీ బిగించి, ప్లాస్టిక్ సంచులు తొడిగి, తలుపు వేసి వచ్చాను. కొత్తగా చేరిన పిల్లలు ఒకటే నవ్వు. "దేవుడంటే పడదా మేడం మీకు?" అని ఒకమ్మాయి అడిగింది. "దేవుడితో నాకేం పేచీ లేదు తల్లీ, కర్పూరంతోనే. కాసేపు ఆగండి, ఒక ఫోన్ రావాలి" అన్నాను. వాళ్లకు సరోజమ్మ మేడం తెలియదు. తెలిసుంటే నవ్వేవాళ్లు కాదు.

ఆమెది మడకశిర పక్క పల్లె. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, బెంగళూరులో చదివి, అక్కడే చాలాకాలం ఉద్యోగం చేసింది. తర్వాత అది మానేసి హిందూపురంలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, గాలిలోని విషపు ఆవిరులను పసిగట్టే చిన్న యంత్రాలు తయారు చేయడం మొదలుపెట్టింది. దానికి కారణం ఆమె తమ్ముడు. ఏదో ఫ్యాక్టరీలో ట్యాంకు కడగడానికి దిగి మళ్లీ పైకి రాలేదు. దిగేముందు మీటరు పెట్టి చూశారట, ఏమీ లేదని చూపించిందట. "ఉండింది పాపా. కొంచెమే ఉండింది. ఆ కొంచెం దానికి కనపడలే" అంది నాతో. ఆ ముక్క ఒక్కసారే చెప్పింది గానీ, షెడ్డులో ఆ అబ్బాయి ఫోటో మాత్రం రోజూ మమ్మల్ని చూస్తూనే ఉండేది.

యంత్రం సంగతి కాస్త చెప్పకపోతే ఆమె అర్థం కాదు, ఓపిక పట్టండి. ఆవిరి అణువులకు కొంచెం విద్యుదావేశం అంటిస్తే అవి అయాన్లవుతాయి. వాటిని ఒక గొట్టంలో నడిపించి చివర పట్టుకుంటాం. గొడవంతా దారిలోనే. చాలావరకు గోడలకు తగిలి, ఉన్న ఆవేశం పోగొట్టుకుని, చివరిదాకా రానే రావు. ఆవిరి ఎక్కువున్నప్పుడు ఫరవాలేదు. కొంచెమే ఉన్నప్పుడు చేరేవి ఎందుకూ చాలవు, యంత్రం నింపాదిగా 'లేదు' అంటుంది. ఆ అబద్ధాన్నే ఆమె భరించలేకపోయింది.

నేను ఆ షెడ్డులో పనికి చేరిన కొత్తలో, గొట్టాన్ని వెడల్పు చేస్తే పోలేదా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం పాపా, మీ ఎర్రమంచిలో గొర్రెలు లేవా? శెనక్కాయ చేన్ల నడుమ బాటలో మందను ఎట్ల తోల్తారు?"

"వెనకనుంచి అదిలిస్తారు మేడం."

"వెనక ఒకడే ఉంటే సగం చేన్లో పడతాయి. రెండు పక్కలా మనుషులు నిలబడల్ల. కట్టె చూపిస్తే చాలు, కొట్టే పని లే."

అదే మా డిజైను. గొట్టం పొడవునా లోహపు రింగులు పేర్చాం. వాటి మీద మెట్టుమెట్టుగా దిగే ఓల్టేజి అయాన్లను ముందుకు తోస్తుంది. పక్కపక్క రింగులకు ఒకదానికొకటి వ్యతిరేకంగా, వేగంగా మారే ఓల్టేజి ఇస్తే, గోడ దగ్గరికి వచ్చినవి మళ్లీ నడుమకు మళ్లుతాయి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పటికి తాతలు దిగొచ్చారు. నిప్పురవ్వలు, కాలిన వైర్లు, "నీ బుద్ధి గడ్డి తినను పోయిందా?" అని ఆమె తిట్లు, తిట్టిన గంటకే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఒక మధ్యాహ్నం, పాత యంత్రానికి అందని పలచని ఆవిరికి మా తెరమీద గీత నిలువునా లేచింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

దసరా కాగానే ధర్మవరం వైపు ఒక ఫ్యాక్టరీలో యంత్రాన్ని పరీక్షించి చూపాలి. ఆయుధ పూజ నాడు షెడ్డులో బూడిద గుమ్మడికాయ కొట్టాం, లేతు మిషన్‌కు బొట్లు పెట్టాం. మేడం ఆ యంత్రం పక్కన తమ్ముడి ఫోటో పెట్టి, మూత విప్పింది. "వాడు చూడల్ల కదా" అని రింగుల ముందే కర్పూర హారతి ఇచ్చింది. కర్పూరం యంత్రానికి ఎంత ప్రమాదమో మా అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఆ పూట ఆమె ఇంజనీరు కాదు, అక్క.

ఫ్యాక్టరీలో ఓబులేసు అనే మనిషి నడుముకు తాడు కట్టుకుని ట్యాంకు అంచున నిలబడ్డాడు. మేడం గొట్టం లోపలికి వదిలింది. తెరమీద 'లేదు' అని పడింది. "ఇంకేం మేడం, దింపుదామా?" అన్నాడు ఆఫీసరు. 'లేదు' అన్న ప్రతిసారీ యంత్రానికి ఒక సీసా చూపించడం ఆమె అలవాటు. ఆ సీసాలో అదే ఆవిరి కాసింత ఉంటుంది. బిరడా తీసి చూపించింది. దానికీ 'లేదు' అంది యంత్రం.

"దిగొద్దప్పా!" అని మేడం కేక వేసింది. "మా మిషన్‌కు ఈ పొద్దు కండ్లు లేవు. తప్పు నాదే. మూత తీసి కర్పూరం ఎలిగిస్తి. ఆవేశమంతా రింగులకు పట్టిన ఆ కర్పూరమే లాగేసుకుంటాండాది."

ఆఫీసరు మండిపడ్డాడు, ఇంక రానక్కర్లేదన్నాడు. ఓబులేసు మాత్రం నడుము తాడు విప్పేశాడు. "ఆయమ్మ మళ్లీ చూసేదాకా నేను దిగను సార్. తప్పు నాదని చెప్పే మనిషిని ఈడ ఇప్పుడే చూస్తాండా" అన్నాడు.

షెడ్డులో రోజుల తరబడి వేడిగాలి పంపి ఆ కర్పూరాన్ని వదిలించాం. ఓబులేసు పట్టు వీడకపోవడంతో రానిచ్చారు, మళ్లీ వెళ్లాం. సీసాకు గీత లేచింది. ట్యాంకుకూ లేచింది. ఓబులేసు దాన్ని చూసి అక్కడే నేలమీద కూలబడ్డాడు. మేడం పక్కన కూర్చుని నీళ్ల బాటిలు చేతికిచ్చింది. "మా తమ్మునికీ నీ వయసేనప్పా" అంది. ట్యాంకులోకి మంచి గాలి కొట్టించి, మళ్లీ మళ్లీ చూసి, చివరికి అతన్ని దింపారు. అతను పైకి వచ్చేదాకా ఆమె అంచు వదల్లేదు.

మేడం ఇప్పుడు లేదు. ఏ పరికరమైనా 'లేదు' అంటే నా చెయ్యి సీసా కోసం వెతుకుతుంది. ఎవరైనా బాధేమీ లేదని చెప్పినా, ఇంకోసారి అడుగుతాను. తప్పు నాదైతే పదిమందిలో చెప్పగలనా అంటే, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఫోన్ మోగింది. ఏటా ఈ రోజు మేడంకు వచ్చే ఫోన్, ఆమె పోయినప్పటినుంచీ నాకు వస్తోంది.

"మూత ఏసినావామ్మా?"

"ఏసినా, ఓబులేసన్నా."

"సరే. ఇంగ ఎలిగించుకోండి."